రెండు వేళ్లు ఆనించండి

  కొత్త డాక్టర్లూ, ఆ స్నాతకోత్సవ గౌన్లలో మీరెంత ఉడికిపోతున్నారో ఇక్కణ్ణుంచే కనబడుతోంది.

న్యూరోసర్జన్‌ని కదా, మెదడు గురించి చెబుతాననుకుని ఉంటారు. నేను చెప్పేది దానికి పైనున్న తలచర్మం గురించి.

ఒక లారీ క్లీనర్ కుర్రాడికి తల మీద ఎప్పుడో దెబ్బ తగిలింది. తర్వాత చెవి పైన మెత్తగా వాచింది. ఎవరో కొవ్వుగడ్డ అనుకుని కత్తి పెట్టారు. రక్తం చిమ్మింది. తలచర్మంలో తెగిన నాళం ముడుచుకోదు, చుట్టూ ఉన్న గట్టి కణజాలం దాని నోరు తెరిచే ఉంచుతుంది. గుడ్డ అదిమిపట్టి మా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు.

అది సిర్సాయిడ్ ఎన్యూరిజం. ధమనులు నేరుగా సిరల్లో కలిసిపోయి, మెలికలు తిరిగి ముద్దకట్టాయి. యాంజియోగ్రామ్‌లో కణత దగ్గరి ధమనే కాక, తల వెనక ధమని కూడా దాన్ని పోషిస్తున్నట్టు కనిపించింది. కణత దగ్గర ధమనిని కట్టేస్తే పోదా అన్నాడొక జూనియర్. పోదు నాయనా! ఒక తూము మూస్తే నీళ్లు ఇంకో తూములోంచి చేలో పడ్డట్టు, పక్క నాళాలు లావెక్కి వాపు తిరిగొస్తుంది. ముద్ద మొత్తం తీయాల్సిందే. ముందు రేడియాలజిస్టు సన్నని గొట్టంతో లోపలికి జిగురు పంపి రక్తం జోరు తగ్గించాడు. ఆ తర్వాత మేం చర్మాన్ని రెక్కలా, అంటే ఫ్లాప్‌గా, ఎత్తి ముద్ద తీశాం. అసలు కష్టం ఆ ఫ్లాప్‌ని బతికించుకోవడంలోనే ఉంది. మరీ పల్చగా ఎత్తితే చర్మం నల్లబడి చచ్చిపోతుంది.

రాత్రిళ్లు చెవిలో హోరు వినబడేదట ఆ కుర్రాడికి. "ఎవరూ అడగలేదు సార్" అన్నాడు.

ఇక్కడ మిమ్మల్ని కాస్త తిట్టాలి, పెద్దలు ఏమీ అనుకోవద్దు. స్కాన్ రాయడానికి చకచకా కదిలే చెయ్యి పేషెంటు తల మీదికి ఎందుకు వెళ్లదర్రా? నూనె అంటుకుంటుందనా? సబ్బు ఉందిగా! వేలు ఆనిస్తే ఆ వాపు నాడిలా కొట్టుకుంటుంది. స్టెతస్కోపు పెడితే హోరు వినిపిస్తుంది. పోషించే ధమనిని నొక్కిపడితే కొట్టుకోవడం తగ్గుతుంది. స్టెతస్కోపుని మెడలో దండలా వేసుకుని ఫొటోలు దిగారే, అది వినడానికే ఇచ్చారు.

మీలో కొందరు త్వరలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేరతారు. అక్కడ యాంజియోగ్రామ్ ఉండదు. తల మీద గడ్డ కొయ్యబోయే ముందు రెండు వేళ్లు ఆనించండి. కొట్టుకుంటే కత్తి కింద పెట్టి, చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపండి. ఇంత చిన్న గడ్డకి పంపావా అని అక్కడెవరైనా వెక్కిరిస్తే, నాకు ఫోన్ చెయ్యండి.