పెరటి తోట బృందంలోకి మళ్లీ మనుషులు ఎలా వచ్చారు



మా పెరటి తోట బృందం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గొప్పలు చెప్పుకోవడానికి రాలేదు. మేము చేసిన తప్పేంటో, దాన్ని ఎలా దిద్దుకున్నామో చెబుతాం.

మన చిలకలూరిపేట చుట్టూ నల్లరేగడి పొలాలు. పత్తి, మిరప ఎకరాలకు ఎకరాలు పండిస్తాం. ఇంట్లోకి గుప్పెడు తోటకూర కావాలంటే మాత్రం బజారుకు పోవాలి. మన చేలో ఎన్నిసార్లు మందు కొట్టామో మనకు తెలుసు. బజారులో కొన్న వంకాయకు ఎన్నిసార్లు కొట్టారో ఎవరికి తెలుసు? అందుకే ప్రకృతి వ్యవసాయం శిక్షణ తీసుకుని, 2022లో 24 మందిమి కలిసి బృందం పెట్టుకున్నాం.

మొదటి ఏడాది బాగానే నడిచింది. తర్వాత మీటింగుకు పది మందే వచ్చారు, ఆ తర్వాత ఏడుగురు. 2024లో మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయానికి పోర్చుగల్ దేశం నుంచి గుల్బెంకియన్ బహుమతి వచ్చిందని చప్పట్లు కొట్టాం. ఆ రోజుకు మా బృందంలో మిగిలింది ఆ ఏడుగురే.

మాకు కోపం వచ్చింది. "సభ్యులకు శ్రద్ధ లేదు" అని మినిట్స్ పుస్తకంలో రాశాం. పొదుపు సంఘంలో లాగా, రాకపోతే పది రూపాయలు జరిమానా అన్నాం. దాంతో ఉన్నవాళ్లలో ఇద్దరు మానేశారు.

అప్పుడు మా సంఘంలో పెద్దావిడ ఒకరు, "పుస్తకం మూసేసి ఇళ్లకు పోయి అడగండమ్మా" అన్నారు. పోయాం.

మిరప కోతలకు పోయే చెల్లెలు, "మీరు పదకొండు గంటలకు మీటింగు పెడతారు. కూలి పోగొట్టుకుని వచ్చి వంగ మొక్క గురించి మాట్లాడమంటారా అక్కా?" అంది. మాకు నోట మాట రాలేదు. ఇంకొకామె, "అద్దె ఇల్లు, పెరడే లేదు, మీ బృందంలో నేనేం చేయను?" అంది. మరొకామెకు ఆవు లేదు, డ్రమ్ము లేదు. మేమేమో జీవామృతం అంటే 200 లీటర్ల లెక్కే చెప్పాం. సిగ్గుపడి రావడం మానేసింది.

శ్రద్ధ లేనిది వాళ్లకు కాదు, మాకు.

ముందు జరిమానా తీసేశాం. మీటింగు రాత్రి ఏడింటికి, ఒక్కోసారి ఒక్కొక్కరి ఇంట్లో, అరగంటే. జీవామృతం బకెట్ లెక్కకు మార్చాం: 20 లీటర్ల నీళ్లకు కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను. నీడలో రెండు రోజులు పెట్టి, పూటకోసారి కలపాలి. పశువులు ఉన్నవాళ్లు లేనివాళ్లకు పేడ పంపుతున్నారు. పెరడు లేనివాళ్లు పాత బియ్యం సంచుల్లో, పగిలిన బకెట్లలో గోంగూర, బచ్చలి, పచ్చిమిర్చి వేశారు.

విత్తనం సంగతి ఇంకొకరి దగ్గర నేర్చుకున్నాం. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళలు విత్తనాలు దాచి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. తీసుకున్నదానికన్నా ఎక్కువ తిరిగిస్తారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మా బృందంలోనూ ఇప్పుడు చేరడానికి రుసుము లేదు. గుప్పెడు గింజలు తీసుకుంటే, కాపు అయ్యాక రెండు గుప్పెళ్లు ఇవ్వాలి. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే మళ్లీ అదే కాయ రాదు కాబట్టి నాటు రకాలే తీసుకుంటాం. నాటు గింజల కోసం మా అత్తల దగ్గరకే పోయాం. బీరకాయను తీగ మీదే ఎండనివ్వడం, గింజల్లో బూడిద కలిపి కుండలో దాచడం వాళ్లే చూపించారు. వాళ్లనూ సభ్యులుగా రాసుకున్నాం.

ఇప్పుడు 31 మందిమి. అందులో పెరడు లేనివాళ్లు తొమ్మిది మంది. కూలి మాట అడిగిన చెల్లెలే ఇప్పుడు గింజల కుండలు చూసుకుంటోంది. కష్టాలు లేవని కాదు. మే నెలలో నీళ్లు చాలక సగం మొక్కలు ఎండిపోయాయి. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు పోసి మిగతావి నిలబెట్టుకున్నాం.

ఒక్క మాట చెప్పి ముగిస్తాం. ఏ బృందంలో అయినా మనిషి రావడం మానేస్తే, పుస్తకంలో పేరు కొట్టేసే ముందు ఒకసారి ఆమె గడప తొక్కండి. పోయేటప్పుడు చేతిలో గుప్పెడు గింజలు పట్టుకుపోండి. గింజలు మేమిస్తాం.