వజూ: నీరు, శుద్ధి, పొదుపు



తార్నాకకు చేరువనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమున ‘దాయిరతుల్ మఆరిఫ్’ అను సంస్థ కలదు. 1888వ సంవత్సరమున హైదరాబాదులో స్థాపింపబడిన యీ సంస్థ ప్రాచీనములైన అరబీ వ్రాతప్రతులను పరిష్కరించి అచ్చొత్తించుటయే పనిగా పెట్టుకొన్నది. పదునొకండవ శతాబ్దపు పండితుడు ఇమాం బైహకీ కూర్చిన ‘సునన్ అల్ కుబ్రా’ అను హదీసుల మహాసంకలనమును పది సంపుటములుగా ముద్రించినది ఈ సంస్థయే. ఆ గ్రంథము ప్రార్థనతో గాక శుద్ధి ప్రకరణముతో ప్రారంభమగును. శుద్ధి లేనిది నమాజు లేదు గనుక ఆ వరుస సహజమే.

ఇస్లాము ధర్మశాస్త్రమున అశుద్ధి రెండు విధములు. రక్తము, మూత్రము మొదలగునవి దేహమునకో వస్త్రమునకో అంటుట మొదటిది; దీనిని ‘నజాసత్’ అందురు. కంటికి కనబడు మలినమైనచో అది పోవువరకు కడుగవలెను. ఎంత కడిగినను మరక రంగు మిగిలిన యెడల దోషము లేదు. కనబడనిదైనచో గుడ్డను ముమ్మారు తడిపి, ప్రతిసారియు పిండవలెను. ఇది మన ప్రాంతపు సున్నీ ముస్లిములలో అధికసంఖ్యాకులు అనుసరించు హనఫీ సంప్రదాయము.

రెండవది మనుష్యుని స్థితికి సంబంధించినది. దాని పేరు ‘హదస్’. నిద్రించుట, మలమూత్రవిసర్జనము మొదలగువాని వలన కలుగునది చిన్న హదస్. దానికి ‘వజూ’ చాలును. దాంపత్యము మొదలగువాని వలన కలుగుదానికి ‘గుసుల్’, అనగా నోటిని, ముక్కును పుక్కిలించి సర్వాంగములు తడియు స్నానము, కావలెను. వజూ విధి ఖురానులో అయిదవ అధ్యాయము ఆరవ వాక్యమున నున్నది: ముఖము కడుగుట, మోచేతుల వరకు చేతులు కడుగుట, తలను తడిచేతితో తుడుచుట, చీలమండల వరకు పాదములు కడుగుట. నీరు దొరకనివానికిని, నీరు తగిలిన రోగము హెచ్చునేమో యని భయపడువానికిని అదే వాక్యము శుభ్రమైన మట్టితో ‘తయమ్ముం’ అనుమతించినది. రెండుమారులు చేతులను మట్టిపై ఆనించి, ఒకమారు ముఖమును, ఒకమారు చేతులను తుడుచుకొన్న చాలును.

పెద్దలకు బావులతో పరిచయము మెండు గనుక బావి సంగతి చెప్పెదను. బావిలో ఎలుక పడి చచ్చినచో దానిని తీసివేసి ఇరువది బొక్కెనలు, కోడియైన నలుబది బొక్కెనలు తోడవలెననియు, మేక వంటి పెద్ద జంతువైనను, ఏ జంతువైనను ఉబ్బి పగిలినను నీరంతయు తోడవలెననియు హనఫీ పండితులు లెక్క గట్టిరి. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల తొట్టి పారు నీటితో సమానమని వారి నిర్ణయము. రంగు, రుచి, వాసన మారిననే అది అశుద్ధము. పెద్ద మసీదుల ముంగిట హౌజులు కట్టుటకు ఇదియు నొక కారణము. 1694లో పూర్తియైన హైదరాబాదు మక్కా మసీదు ముంగిటను అట్టి హౌజు కలదు. అయితే ఇవి ఆరాధనకు వలయు శుద్ధి నియమములు. త్రాగు నీటి విషయమున మాత్రము బ్లీచింగు పొడి చల్లించుట, నీటిని పరీక్షింపించుట తప్పనిసరి.

ఇక అందరమును ఆలోచింపదగినది యొకటి. మన యిండ్లలో మడిగట్టుకొన్నవారిని ఇతరులు తాకిన మడి చెడును. వజూ అట్టిది కాదు. అన్యమతస్థుడు తాకినంతమాత్రమున అది చెడదు. మనుష్యుడు త్రాగి విడిచిన నీరు, వాడు ఎవ్వడైనను, శుద్ధమేయని హనఫీ శాస్త్రము. మనుష్యునికి మనుష్యుడు అంటుకాడని దీని సారము. ఊరి హోటలులో కొందరికి వేరు గ్లాసు పెట్టు దురాచారము అక్కడక్కడ వినవచ్చిన మన దేశమున, ఏ మతపు పెద్దలైనను ఈ మాటను గ్రామచావడిలో చర్చింపదగును. శాస్త్రము తెలిసియు ఆచరణలో అంటు పాటించు ముస్లిములు లేరనియు చెప్పజాలము.

తుదకు పొదుపు. ప్రవక్త ఒక ‘ముద్’ నీటితో, అనగా ఇంచుమించు ముప్పాతిక లీటరుతో, వజూ చేసెననియు, దానికి నాలుగైదు రెట్లతో స్నానము ముగించెననియు హదీసులు చెప్పుచున్నవి. ప్రవహించు నది యొడ్డున నున్నను దుబారా తగదని ఇబ్నె మాజా సంకలనములోని మాట. కొమ్ముచెంబుతో వజూ చేసిన తాతకు ఈ నియమము చేతి కొలతలోనే యుండెను. కుళాయి విప్పి ముఖము కడుగుచు ముచ్చటలాడు మనుమనికి అది గుర్తుచేయవలసియున్నది. మూసీ వరదల పిమ్మట 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. అవి చాలక నేడు నగరము కృష్ణా గోదావరుల నీటిని దూరము నుండి తెప్పించుకొనుచున్నది. అట్టి నీటిని శుద్ధి పేరిట వృథాచేయుట శుద్ధి నేర్పిన ధర్మమునకే విరుద్ధము.

కావున మసీదు కుళాయి కారుచున్నదన్నను, గుడి కోనేరు పూడినదన్నను, అది ఒక మతమువారి పని యని ఊరకుండక పెద్దలు కలిసి బాగుచేయింతురు గాక!