ప్రభువు బల్ల దగ్గర ఎవరి పక్కన?

(పురుషోత్తమ చౌదరి స్మారకోపన్యాసం)



క్రీస్తు నా ప్రభువని నోటితో చెప్పడం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరికీ అంత కష్టం కాలేదు. ఆయన ఎవరి పక్కన కూర్చోమంటే అక్కడ కూర్చోవడమే కష్టమయింది. మన చరిత్రను ఈ సాయంత్రం ఆ వైపు నుంచే చెబుతాను.

1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజిస్ విశాఖపట్నం వచ్చారు. 1810కల్లా ఇద్దరూ కన్నుమూశారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి తోడ్పాటుతో వాళ్లు తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి.

పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణుడు పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఆ రోజుల్లో బాప్తిస్మమంటే జంధ్యంతో పాటు పంక్తి భోజనం, ఇంటి బావి నీళ్లు, బంధువుల పెళ్లిళ్లలో పిలుపు అన్నీ పోవడమే. సంగీతాన్ని మాత్రం ఆయన విడిచిపెట్టలేదు. అప్పటికి తిరువయ్యారులో త్యాగరాజుగారు ఇంకా బతికే ఉన్నారు; చౌదరిగారూ ఆ కీర్తనల పద్ధతిలోనే రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. చౌదరిగారి కీర్తన పైన రాగం, తాళం ఉంటాయి, కింద పల్లవి, చరణాలు. నూటికి పైగా రాశారాయన. వాటిని ఇప్పటికీ పాడుకుంటున్నాం. కానీ ఆయన ‘కులాచార పరీక్ష’ అని ఇంకో పుస్తకం కూడా రాశారు. పాటలు దాచుకున్నాం, ఆ పుస్తకాన్ని వదిలేశాం. చాలాకాలంగా నన్ను బాధపెడుతున్న సంగతి ఇది.

1870ల్లో కెనడా బాప్టిస్టులు భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి చేరారు. సంఘం నెమ్మదిగానే పెరిగింది. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి వెలిసింది. స్పర్శ లేని పాదాన్ని నీళ్లలో నానబెట్టాలి, గట్టిపడిన చర్మం గీకాలి, నూనె రాయాలి, మర్నాడు మళ్లీ అదే పని. ఎవరి పక్కన కూర్చోవాలన్న ప్రభువు మాట ఆ పని చేసే చేతుల్లో నాకు బాగా అర్థమవుతుంది.

ఇప్పటి మాటకొస్తాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది, మనకు రాలేదు. మన రాష్ట్రంలో అతనికి మిగిలేది బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. పై కులం నుంచి వచ్చిన విశ్వాసికి కాగితం మీద పోయేదేమీ లేదు. తహసీల్దారు ఆఫీసు దరఖాస్తులో ‘మతం’ అన్న గడి దగ్గర కలం ఆగేది దళిత పేటలోని పిల్లకే. అక్కడ ‘హిందూ’ అని రాసే ఆ పిల్లను, ప్రభువును ఎరుగనన్న పేతురుతో పోల్చి గద్దించే ప్రసంగాలు నేను విన్నాను. ఒప్పుకోను. నిజం రాస్తే కాలేజీ ఫీజు ఎవరు కడతారో చెప్పకుండా నిజం రాయమనడం కాపరికి తగదు.

ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరుచుకునే మనం పెళ్లి సంబంధం వచ్చేసరికి ‘ఏ పేటవాళ్లు?’ అని అడుగుతున్నాం. అంటే ఆ బల్ల మీద తప్ప ఇంకెక్కడా ఆయనను ప్రభువుగా ఉండనివ్వలేదన్నమాట.

ఇక్కడున్న సంఘపెద్దలను రెండు అడుగుతున్నాను. నిజం రాసినందుకు ఎస్సీ సర్టిఫికెట్ పోగొట్టుకునే పిల్లల చదువుకు కానుకల్లోంచి కొంత పక్కన పెట్టండి. ‘కులాచార పరీక్ష’ను వెతికించి మళ్లీ అచ్చు వేయించండి.