పత్రికాస్వాతంత్ర్యము - దాని హద్దులు



మన పూర్వులు రాజును చారచక్షువని పేర్కొనిరి. సామాన్యునకు ముఖమున నున్నవే కన్నులు; రాజునకు వేగులవారే కన్నులు. రాజు మేడలో నుండును, ప్రజ గుడిసెలలో నుండును. ఈ రెంటి నడుమ జరుగునది చూచి, ఉన్నది ఉన్నట్లు విన్నవించువాడు లేనిచో రాజు కన్నులుండియు గ్రుడ్డివాడగును. రామాయణమున ఉత్తరకాండములో శ్రీరాముడు భద్రుడను వానిని పిలిచి, పురజనులు తన్ను గూర్చి మంచియే గాక చెడ్డయు నేమనుకొనుచున్నారో దాపఱికము లేక చెప్పుమని యడిగెను. లంకలో విభీషణుడు హితము చెప్పగా రావణుడు నిండుసభలో వానిని దూషించెను. అప్రియమైన మాటకు ఒక రాజు చెవి యొగ్గెను. మఱియొక రాజు చెవి మూసికొనెను. ఫలము మీ రెఱిగినదే.

ఈ కాలమున ఆ వేగులవాని పనిని వార్తాపత్రిక చేయుచున్నది. దానికి స్వాతంత్ర్య మెందులకు, హద్దు లెంతవఱకు అను విషయమును నేడు మీతో ముచ్చటింప దలచితిని.

పత్రికాస్వాతంత్ర్యము పట్టణములలోని విద్యావంతుల ముచ్చటయని పెక్కురు తలంతురు. పొలము దున్నువానికి దానితో నేమి పనియని నన్నడిగినవారు గలరు. వానికి అన్నముతో నెంత పని గలదో పత్రికతోను అంత పని గలదని నా సమాధానము. ఇది అతిశయోక్తి కాదనుటకు రెండు కఱవుల చరిత్ర చెప్పెదను.

మొదటిది 1943 లో వంగదేశమున వచ్చిన కఱవు. అది యుద్ధకాలము. 1942 లో బర్మా జపానువారి వశమగుటచే అచటి బియ్యము రాక నిలిచిపోయెను. ఆ యేటి అక్టోబరులో గాలివాన తీరమునందలి పైరులను ధ్వంసము చేసెను. శత్రువున కుపయోగపడునను భయముచే దొరతనమువారు తీరప్రాంతపు పడవలను స్వాధీనము చేసికొనిరి. ధర పెరిగి బియ్యము కూలివాని చేతి కందకపోయెను. పల్లెజనులు కలకత్తా వీథులకు వచ్చి, గంజి గంజియని యఱచుచు పడిపోయిరి. ఇంత జరుగుచున్నను ప్రభుత్వము కఱవని ప్రకటింపలేదు. పత్రికలపై యుద్ధకాలపు కట్టుబాట్లుండెను. అప్పుడు కలకత్తాలో ఆంగ్లేయుల యాజమాన్యమున నున్న స్టేట్స్‌మన్ పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ సాహసించి, 1943 ఆగస్టు 22 న ఆకలిచే కృశించినవారి ఛాయాచిత్రములను ప్రకటించెను. అక్టోబరులో ప్రభుత్వమును తీవ్రముగా విమర్శించుచు సంపాదకీయములు వ్రాసెను. లండనులోను అలజడి పుట్టెను. ఆ నెలలోనే వచ్చిన క్రొత్త వైస్రాయి వేవెల్ కలకత్తాకు వెళ్లి స్వయముగా చూచి, సహాయమునకు సైన్యమును నియోగించెను. అప్పటికే లక్షలాది జనులు మడిసిరి. మృతులు 15 లక్షలని ప్రభుత్వ విచారణసంఘము తేల్చెను. 30 లక్షల వఱకు నుందురని తరువాతి పండితులు కొందఱు లెక్కగట్టిరి. ఆ చిత్రములు నాలుగు మాసములు ముందుగా వెలువడియున్నచో ఎన్ని ప్రాణములు నిలిచియుండెడివో యోచింపుడు.

రెండవది చీనాదేశపు కఱవు. ఇది పరులపాలనలో వచ్చినది కాదు. స్వతంత్రదేశములో, పేదల పేర నేర్పడిన ప్రభుత్వముననే వచ్చినది. 1958 లో ఆ ప్రభుత్వము దేశమును ఒక్క గంతులో ముందునకు దాటింతునని పూని, రైతుల భూములను పెద్దపెద్ద కమ్యూనులలో గలిపి, ఊరూర ఉక్కు కొలుములు పెట్టించెను. పై యధికారి మెప్పునకై క్రింది యధికారి పంటను పెంచి వ్రాసెను. వాని పైవాడు మఱికొంత పెంచెను. పత్రికలన్నియు ప్రభుత్వపక్షము చేతిలోనివే యగుటచే అవి యా దొంగలెక్కలను పెద్దయక్షరములతో అచ్చొత్తెను. ఆ లెక్కను బట్టియే ధాన్యము వసూలయ్యెను. పండని పంటలో ప్రభుత్వపు పాలు తీయగా పోయినవి రైతు తిండిగింజలే గదా! 1959 లో జనులు ఆకలిచే చచ్చుచుండగనే ధాన్యము విదేశముల కెగుమతి యయ్యెను. ఆ యేడు రక్షణమంత్రి పెంగ్ దెహువాయ్ ఉన్న స్థితిని లేఖగా వ్రాసి అధ్యక్షుడు మావోకు పంపి, పదవిని పోగొట్టుకొనెను. విభీషణుని కథయే మరల జరిగినది. 1961 వఱకు సాగిన ఆ కఱవులో మృతులు ఒకటిన్నర కోటి మొదలు నాలుగున్నర కోట్ల వఱకు నుందురని పండితులు వేర్వేరుగా లెక్కగట్టిరి. 1962 జనవరిలో ఏడువేలమంది కార్యకర్తలు కూడిన సభలో మావోయే, ప్రజాస్వామ్యము లేనిచో క్రింద నేమి జరుగుచున్నదో పైవారికి తెలియదని చెప్పవలసివచ్చెను. కన్నులు పొడిచికొనిన పిమ్మట చీకటిని గూర్చి చెప్పినట్లున్నది!

1943 లో తొమ్మిదేండ్ల బాలుడై వంగదేశపు కఱవును చూచిన అమర్త్య సేన్, పెద్దవాడై అర్థశాస్త్రమున 1998 లో నోబెలు బహుమానము నందెను. ఎన్నికలును, నిర్బంధము లేని పత్రికలును గల దేశమున మహాక్షామము పుట్టదని ఆయన సిద్ధాంతము. మనదేశమున 1966-67 లో బీహారునందును, 1972-73 లో మహారాష్ట్రమునందును వానలు లేక పంటలు పోయినవి. కాని పత్రికలు వ్రాసెను, శాసనసభలలో ప్రశ్నలు పుట్టెను, పనులు తెఱచి కూలి యిచ్చిరి; లక్షలకొలది చావులు లేకపోయెను. అయితే సేన్ మఱియొక మాటయు చెప్పెను. వీథిలో పడి చచ్చువానిని పత్రిక చూచును గాని, ఏండ్లతరబడి అర్ధాకలితో ఇంటిలో కృశించువానిని తఱచుగా చూడదు. ఇది మన పత్రికలు తలవంచి వినవలసిన మాట.

ప్రజాస్వామ్యమని పేరున్నంత మాత్రమున భయము లేదనుకొనరాదు. 1975 జూన్ 25 రాత్రి మనదేశమున అత్యవసరపరిస్థితి విధించి, ఢిల్లీలో ముద్రణాలయములకు విద్యుత్తు నాపించిరి. వ్రాసినదానిని అధికారికి చూపి అచ్చువేయవలెనను నిబంధన వచ్చెను. జూన్ 28 న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయపు చోటును తెల్లగా విడిచి, మాటలాడకయే మాటలాడెను. నే నప్పుడు ఉన్నతపాఠశాలలో చదువుచు, సాయంకాలము రావిచెట్టు క్రింద పెద్దలకు పత్రిక చదివి వినిపించుచుండెడివాడను. ఒకనాడు ఒక వృద్ధుడు, "ఏమిరా అబ్బాయీ, నెల రోజులబట్టి దేశంలో ఎవరికీ కష్టమే రాలేదా? నీ కాగితంలో ఒక్క ఏడుపూ వినపడదేం?" అని యడిగెను. అక్షరములు రాని యా వృద్ధుడు పత్రికలో లేనిదానిని చదివెను. 1976-77 లో 80 లక్షలకు పైగా కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరిగెను; వానిలో పెక్కు బలవంతపువి. ఆ యేడుపు పత్రికలలో వినబడలేదు. 1977 మార్చి ఎన్నికలలో ఓటుపెట్టెలలో వినబడెను, పాలకపక్ష మోడిపోయెను.

ఇక హద్దుల మాట. గట్టు లేని చెఱువు ఊరిని ముంచును. 2018 జూలై 1 న మహారాష్ట్రములో ధూళే జిల్లా రైన్‌పాడా గ్రామమున, పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని సెల్‌ఫోనులలో ప్రాకిన వదంతిని నమ్మి జనులు అయిదుగురు నిర్దోషులను కొట్టి చంపిరి. కావున మాటకును గట్టు వలయును. ప్రశ్న గట్టుండవలెనా యని కాదు. గట్టు నెవరు వేసిరి, తూము ఎవరి చేతిలో నున్నది యని. నిరంకుశపాలనలో తూము ఒక్కని చేతిలో నుండును. ఏల మూసితివని యడుగువాడుండడు. ప్రజాస్వామ్యమున గట్టు అందఱెఱిగిన శాసనము. అది అన్యాయముగా తోచినచో న్యాయస్థానమున కేగవచ్చును.

దీనికి దృష్టాంతము చెప్పెదను. మన రాజ్యాంగమున పత్రికయను పేరు లేదు. 19 వ అధికరణము పౌరులందఱకు నిచ్చిన వాక్స్వాతంత్ర్యములోనే అది యిమిడియున్నది. 1950 లో మద్రాసు ప్రభుత్వము రమేశ్ థాపర్ నడుపుచుండిన క్రాస్‌రోడ్స్ అను వారపత్రికను తన రాజ్యములోనికి రానీయలేదు. నాడు మన ఆంధ్రజిల్లాలును ఆ రాజ్యములోనివే. సుప్రీంకోర్టు ఆ యేటి మే నెలలో ఆ యాజ్ఞను కొట్టివేసెను. 1951 లో పార్లమెంటు రాజ్యాంగమును సవరించి, ప్రజాశాంతి, నేరమునకు పురికొల్పుట మొదలగువానిని హద్దులలో చేర్చెను. కాని విధించు నిర్బంధము సమంజసమై యుండవలెనను నియమమును కూడ చేర్చెను. ఆ యొక్క మాటయే సామాన్యుని చేతి కఱ్ఱ. అది సమంజసమా యని అడుగు హక్కు ఉన్నంతవఱకు మనము ప్రజలము. అది పోయిననాడు మందలము.

ప్రభుత్వము వేసినవే సంకెళ్లనుకొనరాదు, ధనమును సంకెలయే. డబ్బు పుచ్చుకొని ఎన్నికల ప్రచారమును వార్తగా అచ్చువేయుట గలదని ప్రెస్ కౌన్సిలు 2010 లోనే విచారించి తెలిపెను.

కావున పెద్దలారా, ఒక్క పత్రికతో తృప్తి పడక రెండు చదువుడు. ప్రతి వార్తకును, చెప్పినవా డెవడు, చూచినవా డెవడు, లాభ మెవనికి అని మూడు ప్రశ్నలు వేయుడు. మీకు నచ్చని మాట వ్రాసిన విలేఖరి మీ యూరికి వచ్చినచో, వానిని తఱుమక మునుపు, అది నిజమా యని మీలో మీరే విచారించుకొనుడు. పత్రికలో పొగడ్తలే తప్ప ఒక్క ఏడుపైన వినబడనప్పుడు, రావిచెట్టు క్రింది ఆ వృద్ధునివలె బిగ్గరగా నడుగుడు.