గడప దాటి వెళ్లే నర్సు

 

"ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి." ఈరోజు నర్సింగ్ పట్టాలు అందుకున్న మీరు ఈ మాట వార్డుల్లో వినే ఉంటారు. నా దృష్టిలో అది తప్పుడు మాట. ఆ మనిషి ఇంటికి చేరాకే చేయాల్సింది మొదలవుతుంది, అందులో చాలావరకు నర్సు పనే.

నోటి క్యాన్సర్ పుండు వాసనకు మనవలు దగ్గరికి రారు. మంచం వసారాలోకి వెళ్లిపోతుంది. మీరు మెట్రోనిడజోల్ మాత్ర పొడిచేసి, పుండు మీద చల్లి కట్టు కడతారు. కొన్నాళ్లకు వాసన తగ్గి మంచం మళ్లీ లోపలికొస్తుంది. మార్ఫిన్ మాత్ర నొప్పి వచ్చాక కాదు, నాలుగు గంటలకోసారి గడియారం చూసి వేయాలని కోడలికి నేర్పుతారు. మలబద్ధకం రాకుండా మొదటిరోజు నుంచే మందు ఇప్పిస్తారు. "నాన్న మార్ఫిన్‌కు అలవాటు పడిపోతాడేమో" అని కొడుకు భయపడితే, పక్కన కూర్చుని విడమరిచి చెబుతారు. అక్కడ అడుగుదామంటే డాక్టరు ఉండరు. అందుకే ఈ పనికి విడిగా శిక్షణ కావాలి, మంచి మనసొక్కటే చాలదు.

ఈ పని కొత్తది కాదు. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ డాక్టరు కాకముందు నర్సు. రెండేళ్లకే అక్కడినుంచి రోగుల ఇళ్లకు వెళ్లి చూడటం మొదలైంది. నయం కాని జబ్బుల బాధను తగ్గించే ఉపశమన సేవ కోళికోడ్‌లో 1993లో మొదలై, కేరళ ఊరూరికీ పాకింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దానికొక విధానమే తెచ్చింది. మన తెలంగాణలో ఇంటికే వచ్చే ఉపశమన సేవ 'ఆలన' వాహనాలు రోగుల గుమ్మాల ముందు ఆగుతున్నాయి.

ఉగాండా ఇంకో అడుగు ముందుకు వేసింది. డాక్టర్లు సరిపడా లేని ఆ దేశం 2004లో చట్టం మార్చి, ఉపశమన చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులకు మార్ఫిన్ రాసే అధికారం ఇచ్చింది. మనం 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి మార్ఫిన్ అనుమతులు సులభం చేసుకున్నాం. రాసే చేయి మాత్రం ఇప్పటికీ డాక్టరుదే. నొప్పి రాత్రిపూట ముదిరితే తెల్లారేదాకా ఆ సంతకం కోసం ఆగమని ఎవరికి చెప్పగలం? శిక్షణ పొందిన నర్సుకు ఆ అధికారం ఇవ్వాల్సిందేనని ఈ వేదిక మీదనుంచి అడుగుతున్నాను.

పిల్లలూ, విదేశాలకు వెళ్లేవాళ్లు వెళ్లండి, తప్పుపట్టను. ఇక్కడ ఉండేవాళ్లలో పదిమందైనా ఉపశమన చికిత్స కోర్సులో చేరండి. ఆలన వాహనంలో మీకోసం చోటుంది.