క్షురకునకు పైకము

మా బాల్యమున గ్రామక్షురకునకు రొక్కమిచ్చు వాడుక లేదు. కళ్లములో కొలిచెడి మేరగింజలే యాతని యేటి జీతము. పెండ్లికొడుకునకు గోరు తీసినందులకు పంచెయు తాంబూలమును వేరు. అది హక్కే గాని దానము గాదు. అడిగి పుచ్చుకొనుటకు సిగ్గుపడడు.

నేడు సెలూనులో క్షవరపు కూలిపై 10 రూపాయలు చేర్చి యిచ్చుచున్నాము. మంచిదే, ఇచ్చు తీరు మాత్రము నేర్వవలసియున్నది. ఒకనాడు నేను చిల్లర నద్దము ముందఱి బల్లపైకి విసరితిని. ఆతడు ముట్టలేదు, దువ్వెన తుడుచుచు నూరకుండెను. బడిపిల్లలకు మర్యాద నేర్పిన నాకు తల వంగినది. ఆ నాణెములనే యేరి చేతి కందిచ్చితిని, అపుడు పుచ్చుకొనెను.

తిరుమల కల్యాణకట్ట సంగతి వేరు. అచట తలనీలములకు రుసుము లేదు. క్షురకులు భక్తులను పైకమడుగరాదని దేవస్థానమువారి నిబంధన. కావున నచట నేను మొలలోని సంచి విప్పను. పని ముగియగానే చేతులు జోడించి, ఆతని యూరు పేరడిగి వచ్చెదను.