అయిదు వాట్ల ఇంటి రేడియో



ఇంట్లోనే చిన్న రేడియో స్టేషన్ పెట్టుకోవాలన్న కోరిక చాలామందిలో ఉంటుంది. ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లలో ఉంటుంది, రిటైరైన తెలుగు మాస్టార్లలోనూ ఉంటుంది. ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కిట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. ఒకటి తెప్పించి, డాబా మీద వైరు కట్టి, "ఇది మా వీధి రేడియో" అంటూ మొదలుపెట్టేయొచ్చా అని అడుగుతుంటారు. మన దేశంలో అలా కుదరదు. ఎందుకు కుదరదో, ఏది కుదురుతుందో ఇవాళ చెప్తాను. కుదిరేది మీరు అనుకునేదానికన్నా ఎక్కువే.

నిజానికి మన దక్షిణాదిలో రేడియో మొదలైందే ఇలాంటి సరదాతో. 1924లో మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి, ఆయన మిత్రులు కలిసి ఒక రేడియో క్లబ్బు పెట్టారు. ఆ ఏడాది జూలై 31న ప్రసారం ప్రారంభించారు. వాళ్ల ట్రాన్స్‌మిటర్ 40 వాట్లది, అంటే పాతకాలం బల్బు ఒకటి వెలిగించేంత కరెంటు. పాటలు, ప్రసంగాలు వినిపించారు. డబ్బు చాలక 1927లో ఆపేసి, ఆ పరికరాలను మద్రాసు కార్పొరేషన్‌కు ఇచ్చేశారు. హైదరాబాద్‌లో చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ అనే తపాలా ఉద్యోగి పెట్టిన చిన్న స్టేషనే తర్వాత నిజాం ప్రభుత్వం చేతికి వెళ్లి దక్కన్ రేడియో అయింది. వీళ్లెవరూ ముందుగా పెద్ద సంస్థలు పెట్టుకుని దిగినవాళ్లు కాదు.

అయితే అప్పటికి గాలి ఖాళీగా ఉంది. ఇప్పుడు లేదు. రేడియో తరంగాలు ఊరి చెరువు నీళ్ల లాంటివి. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరి తూము ఎంతో రాసి ఉంటుంది. మనం చాటుగా ఒక గండి పెడితే ఎండేది పక్కవాడి మడి. మాటవరసకు చెప్పడం లేదు. మన ఎఫ్ఎం బ్యాండు 108 మెగాహెర్ట్జ్ దగ్గర ముగుస్తుంది. ఆ గీత దాటగానే విమానాలకు రన్‌వే చూపించే సంకేతాలుంటాయి, 118 నుంచి పైలట్ల మాటలుంటాయి. చవక కిట్లలో ఫిల్టరు సరిగా ఉండదు. మీరు 100 మీద మాట్లాడుతున్నాననుకుంటారు, ఆ పెట్టె మీకు తెలియకుండా మరో నాలుగు చోట్ల కూడా కూస్తుంటుంది. శంషాబాద్ దగ్గరో గన్నవరం దగ్గరో మీ ఇల్లుంటే దాని పర్యవసానం ఊహించుకోండి.

బిహార్ కుర్రాడి కథ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రేడియోలు బాగుచేసే రాఘవ్ మహతో, యాభై రూపాయల సామానుతో ట్రాన్స్‌మిటర్ చేసి, వెదురు గడకు కట్టి, తన దుకాణంలోంచే ఎఫ్ఎం నడిపాడు. భోజ్‌పురి పాటలు, తప్పిపోయిన పిల్లల ప్రకటనలు, పోలియో చుక్కల కబుర్లు. చుట్టుపక్కల ఊళ్లన్నీ విన్నాయి. 2006లో బీబీసీలో అతని గురించి వచ్చింది, కొన్ని వారాలకే అధికారులు మూయించారు. లైసెన్సు కావాలన్న సంగతే తనకు తెలియదన్నాడు. ఆ కుర్రాడంటే నాకు ఇష్టమే. అలాంటివాడికి ఒక చిన్న దారి చూపించలేని మన చట్టం మీద నాకు కోపమూ ఉంది. ఎందుకంటే వేరే దేశాలు చూపించాయి. న్యూజిలాండ్‌లో ఎఫ్ఎం బ్యాండు రెండు కొసల్లో కొంత జాగా విడిచిపెట్టి, ఒక వాట్ లోపు ఎవరైనా నడుపుకోవచ్చన్నారు. నడిపేవాళ్ల వివరాలు గంటకోసారి చెబితే చాలు. అమెరికాలో లైసెన్సు లేకుండా అనుమతించే ఎఫ్ఎం సుమారు 200 అడుగులు పోతుంది. డాలస్‌లో ఉన్న మీ అబ్బాయి ఉగాది రోజు పెరట్లో చేరినవాళ్లకు రేడియోలో పంచాంగ శ్రవణం వినిపించుకోవచ్చు, అంతకు మించి కాదు. జపాన్‌లో 1980లలో తెత్సువో కొగావా అనే అధ్యాపకుడు, ఆయన విద్యార్థులు చాలా బలహీనమైన ట్రాన్స్‌మిటర్లతోనే మినీ ఎఫ్ఎం అనే ఉద్యమం లేపారు. కొన్ని వందల మీటర్ల దూరమే అందేది. వినేవాళ్లు నడుచుకుంటూ స్టేషన్‌కే వచ్చి కూర్చునేవారట.

మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. కమ్యూనిటీ రేడియో లైసెన్సు ఉంది గానీ అది వ్యక్తులకు ఇవ్వరు. విద్యాసంస్థలకు, 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకు ఇస్తున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ప్రజల ఆస్తి ప్రజల చేతికి రావడానికి ఎంత కాలం పట్టిందో జహీరాబాద్ దగ్గరి మాచునూరులో అడగండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలకు 1990ల చివరికే స్టూడియో ఉంది, రికార్డింగ్ వచ్చు, జొన్నల గురించి, విత్తనాల గురించి, పాటల గురించి కార్యక్రమాలు చేయడం వచ్చు. లైసెన్సు మాత్రం లేదు. అందుకని టేపులు రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వేసి వినిపించుకుంటూ ఏళ్ల తరబడి ఆగారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. మీ కోరిక మీ ఊరి మనుషులతో, మీ యాసలో మాట్లాడటమే అయితే ఇంట్లో సొంత స్టేషన్ గురించి ఆలోచించే ముందు దగ్గరలో ఏదైనా కమ్యూనిటీ రేడియో ఉందేమో కనుక్కోండి. వాళ్లకు ఎప్పుడూ మనుషులు కావాలి.

సరే, ఇంట్లోనే కావాలంటారా? అయితే ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీకు కావలసింది వినేవాళ్లా, మాట్లాడేవాళ్లా? దారులు అక్కడే చీలిపోతాయి.

వినేవాళ్లు కావాలంటే ఇంటర్నెట్ రేడియో పెట్టుకోండి. దానికి ఏంటెనా అక్కర్లేదు. ఐస్‌కాస్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత కంప్యూటర్ మీదే నడపవచ్చు. మాటలకు సెకనుకు 64 కిలోబిట్లు పుష్కలం. ఒక్కో శ్రోతకు ఒక్కో ధార పోతుంది గనుక 20 మంది వింటుంటే మీ ఇంటి నుంచి బయటకు దాదాపు 1.3 మెగాబిట్ల వేగం ఉండాలి. ఫైబర్ కనెక్షన్‌కు ఇది లెక్కలోది కాదు. చిక్కంతా పాటల దగ్గర. "పాత పాటలే కదా వేసేది" అంటారు. రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు. పాట రాసినవారి, బాణీ కట్టినవారి హక్కు వేరు, అది వాళ్లు పోయాక ఇంకా 60 ఏళ్లు నడుస్తుంది. అంటే రికార్డు పాతదైనా పాట పాతబడినట్టు కాదు. గురజాడ 1915లో పోయారు గనుక ఆయన రాసినది మీరే చదివి వినిపించవచ్చు. 1960 నాటి సినిమా పాట వేయాలంటే మాత్రం హక్కుదారుల సంఘాలతో మాట్లాడుకోవలసిందే. నన్నడిగితే సినిమా పాటలు వదిలేయండి. అవి అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. మీ పక్కింటి మామ్మగారి మంగళహారతి ఇంకెక్కడా లేదు.

మాట్లాడేవాళ్లు కావాలంటే, అసలైన రేడియో, అంటే మీ చేతి కింద ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, మీ డాబా మీది తీగతో ఆకాశంలోకి పోయే రేడియో ఉంది. దాని పేరు హ్యామ్ రేడియో, అంటే అమెచ్యూర్ రేడియో. నాకు మక్కువ దీని మీదే, దాచడమెందుకు. ఇందులో పాటలు వేయకూడదు, వార్తలు చదవకూడదు, ప్రకటనలు, డబ్బు ప్రసక్తి అసలే కూడదు. ఎవరో వింటారని ఏకపక్షంగా మాట్లాడుకుంటూ పోకూడదు. లైసెన్సున్న ఇంకో హ్యామ్‌తోనే మాట్లాడాలి, రహస్య సంకేతాలు లేకుండా మాట్లాడాలి. తెలుగులో నిక్షేపంగా మాట్లాడుకోవచ్చు. దీనికి టెలికాం శాఖ పరీక్ష ఉంది. పన్నెండేళ్లు నిండితే రాయవచ్చు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు, ఈ రెండూ వస్తే రెస్ట్రిక్టెడ్ గ్రేడు. జనరల్ గ్రేడుకు మోర్స్ కూడా రావాలి. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. ఫీజులు, నియమాలు మారుతుంటాయి, అక్కడే చూసుకోండి. హైదరాబాద్‌లో 1983 నుంచీ ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పరీక్షకు తయారుచేస్తుంది. ఒక్క మాట: లైసెన్సు చేతికి రాకుండా ట్రాన్స్‌మిటర్ కొనకండి. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అంటే, అమ్మేవాడు మీ తరఫున సంజాయిషీ ఇవ్వడు.

ఇక శక్తి సంగతి. కొత్తవాళ్లందరికీ వంద వాట్ల రేడియో మీద కన్ను. లెక్క చూడండి. అవతలివాళ్ల మీటరు మీద మీ సంకేతం ఒక్క గీత పెరగాలంటే శక్తి నాలుగింతలు కావాలి. 5 వాట్లు 20 అయితే ఒక గీత, 80 అయితే రెండు గీతలు. 5 వాట్లకూ 100 వాట్లకూ తేడా ఆ మీటరు మీద రెండు గీతలకు కాస్త ఎక్కువ, అంతే. అందుకే తక్కువ శక్తితో మాట్లాడటమే పందెంగా పెట్టుకున్న హ్యాములు ప్రపంచమంతటా ఉన్నారు. మోర్స్‌లో 5 వాట్లు, మాటల్లో 10 వాట్లు వాళ్లు గీసుకున్న గీత. వాళ్లలో చాలామంది చేతుల్లో ఉన్నది మన హైదరాబాద్‌ సర్క్యూటు. అషర్ ఫర్హాన్ రూపొందించిన బిటెక్స్ అది. దొరకని విదేశీ భాగాల జోలికి పోకుండా, కాయిల్ చుట్టడానికి కుళాయిలో వేసే వాషర్ వాడేలా గీశారాయన. తర్వాత వచ్చిన బిటెక్స్40 ఇచ్చేది ఏడు వాట్లు. దానితో పగటిపూట హైదరాబాద్ నుంచి బెంగళూరుతో, విజయవాడ నుంచి విశాఖతో హాయిగా మాట్లాడవచ్చు, ఏంటెనా బాగుంటే.

ఆ "బాగుంటే" దగ్గరే అంతా ఉంది. మీ డబ్బూ మీ ఆదివారాలూ పెట్టవలసింది ఏంటెనా మీద. మొదటి ఏంటెనా 40 మీటర్ల బ్యాండుకు డైపోల్ కట్టండి. 143ని మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. మన బ్యాండు 7.0 నుంచి 7.2 గనుక 7.1తో భాగించండి, ఇరవై మీటర్ల చిల్లర వస్తుంది. నడిమికి కోసి ఇటు పదీ అటు పదీ. ఇళ్లలో వైరింగుకు వాడే మామూలు రాగి తీగ చాలు. ఒకేసారి కొలత ప్రకారం కత్తిరించేయకండి, అర మీటరు ఎక్కువే ఉంచండి. పొడవున్న తీగను తగ్గించవచ్చు గానీ తగ్గిన తీగను సాగదీయలేం. మధ్య భాగాన్ని డాబా మీద పైపుకు ఎత్తుగా కట్టి, రెండు కొసలనూ నైలాను తాడుతో పిట్టగోడల వైపు దించితే ఒక్క స్తంభంతో సరిపోతుంది. తర్వాత ఎస్‌డబ్ల్యూఆర్, అంటే ఏంటెనా నుంచి ఎంత శక్తి వెనక్కి తిరిగొస్తోందో చెప్పే లెక్క, కొలుస్తూ రెండు కొసలనూ సమానంగా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి. తీగ తక్కువ ఎత్తులో ఉందని దిగులొద్దు. అలాంటిది సంకేతాన్ని నిట్టనిలువుగా పైకి కొడుతుంది, అది అయనోస్ఫియర్ నుంచి తిరిగొచ్చి చుట్టూ నాలుగైదు వందల కిలోమీటర్లలో పడుతుంది. మన రెండు రాష్ట్రాలకు అదే కావలసింది.

కరెంటు తీగల సంగతి ఎంత చెప్పినా తక్కువే. మన వీధుల్లో డాబాకు చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో పదకొండు వేల వోల్టుల లైన్లు పోతుంటాయి. మీ ఏంటెనా తెగి ఎటు పడినా, పైపు ఎటు ఒరిగినా ఆ తీగను తాకకూడదు. తాకే అవకాశం ఉంటే ఆ డాబా మీద ఏంటెనా వద్దు, ఇంకో చోటు చూసుకోండి. వేసవి చివర్లో ఉరుముల కాలంలో రేడియో ఆపితే చాలదు, ఏంటెనా కేబులు ఊడదీసి ఇంటి బయట పెట్టాలి.

అన్నీ కట్టాక రేడియో పెడితే గుయ్యిమనే రొద తప్ప ఏమీ వినపడకపోవచ్చు. అప్పుడు రేడియోను తిట్టకండి. ఇంట్లో మెయిన్ ఆపి, బ్యాటరీ మీద విని చూడండి. రొద తగ్గితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో స్విచ్ వేస్తూ పోతే చవక ఎల్ఈడీ బల్బో, ఫోన్ చార్జరో, ఇన్వర్టరో పట్టుబడుతుంది. తగ్గకపోతే పక్కింటి సోలార్ ఇన్వర్టరు కావచ్చు. అది మర్యాదగా మాట్లాడుకోవలసిన విషయం. మీరు మాట్లాడుతుంటే వాళ్ల టీవీ స్పీకర్లో మీ గొంతు వినపడుతోందంటే అదీ అంతే. నిబంధనలు చూపించే ముందు ఒక ఫెర్రైట్ రింగు పట్టుకెళ్లి వాళ్ల స్పీకర్ వైరుకు మీరే చుట్టిపెట్టండి.

ఇదంతా సరదా కోసమేనా అని ఇంట్లో అడుగుతారు. సరదాకే. అయితే 2004 డిసెంబరులో హ్యామ్ భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నది కూడా ఈ సరదా కోసమే. అండమాన్ నుంచి ప్రపంచ హ్యాములతో మాట్లాడటానికి వెళ్లారు. 26వ తేదీ పొద్దున సునామీ వచ్చింది, ఫోన్లు పోయాయి. వాళ్ల రేడియోలు పనిచేశాయి. దీవుల్లో ఎవరు బతికున్నారో ప్రధాన భూభాగంలోని బంధువులకు చెప్పింది వాళ్లే.

పరీక్ష రాసి లైసెన్సు వచ్చేదాకా వినడం మొదలుపెట్టండి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వెబ్ ఎస్‌డీఆర్ అనే రిసీవరును ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఫోన్లోనే తెరిచి 7 మెగాహెర్ట్జ్ దగ్గర తిప్పితే యూరప్ హ్యాములు వినిపిస్తారు. మనవాళ్లు కావాలంటే షార్ట్‌వేవ్‌లో హ్యాములు మాటలకు వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పట్టే చిన్న రేడియో సంపాదించి, పొద్దున ఆరు, ఎనిమిది మధ్య అదే బ్యాండులో వెతకండి. ఎవరు ముందు పిలుస్తున్నారు, ఎవరు ఆగుతున్నారు, ఒకరి మాటలో ఇంకొకరు ఎప్పుడు దూరుతున్నారు, నోట్‌బుక్కులో టైముతో సహా రాసుకోండి. లైసెన్సు వచ్చాక లాగ్‌బుక్ రాయవలసింది అలాగే.